క్వారీ సభకు ఊరు సిద్ధం కావాలంటే డబ్బెక్కడిది? మెళియాపుట్టి తమ్ముడికి జవాబు

శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి మండలం కొండ కింద ఊరి నుంచి ఒక సవర ఆదివాసీ కుర్రాడు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ళ ఊరి కొండ మీద గ్రానైట్ క్వారీకి ప్రజాభిప్రాయ సేకరణ సభ నోటీసు పడింది. క్వారీ వల్ల ఏమవుతుందో చెప్పే పర్యావరణ నివేదిక ఇంగ్లీషులో ఉంది, ఊళ్ళో డిగ్రీ చదివింది ఇద్దరే. కెనడాలో గని తవ్వే ముందు ఆదివాసులకు ప్రభుత్వమే డబ్బిచ్చి నిపుణుణ్ణి పెట్టుకోనిస్తుందట, మనకు అలాంటిది ఉందా? కంపెనీ వాళ్ళు 'సభ ఖర్చులకి' అని ఊరికి కొంత సొమ్ము ఇస్తామంటున్నారు, అది తీసుకోవచ్చా?

తమ్ముడూ, మొదటిదానికి జవాబు: లేదు. రెండోదానికి: చేతికి తీసుకోవద్దు. ఇంత చెప్పి ఊరుకుంటే నీకు ఏ సాయమూ చేసినట్టు కాదు కాబట్టి వివరంగా రాస్తున్నాను. నేను ముప్పై ఏళ్ళు భూగర్భ జలాల కొలతల పని చేశాను. రిటైరయ్యాక శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా అంటున్న ఊళ్ళలో, ఇలాంటి సభలకు ముందు జనంతో కూర్చుని నివేదికలు చదువుతున్నాను.

ముందు ఒక సంగతి చెప్పనీ. చాలా ఏళ్ళ కిందట విజయనగరం జిల్లాలో కొండ అంచు ఊళ్ళో ఒక రాతి క్వారీ సభకు వెళ్ళాను. షామియానా వేశారు, మైకు పెట్టారు, వీడియో తీశారు. ఒక సవర పెద్దమ్మ లేచి సవరలోనే ఐదారు నిమిషాలు మాట్లాడింది. నా పక్కన కూర్చున్న టీచరు మెల్లగా తెలుగులో చెప్తుంటే విన్నాను. కొండ మీద మూడు ఊటలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో పేరుంది. కిందిది మాఘమాసానికి సన్నబడుతుంది, నడిమిది చైత్రంలో ఎండిపోతుంది, పైది ఎప్పుడూ ఆగలేదు. తన అత్తగారి కాలంలో వచ్చిన పెద్ద కరువులో కూడా ఆగలేదు. మీరు తవ్వుతామంటున్నది సరిగ్గా ఆ పై ఊట నెత్తిమీద. ఇదీ ఆవిడ చెప్పింది.

సాయంత్రం రాసిన మినిట్స్‌లో ఆవిడ మాట ఒక్క వాక్యమైంది: 'గ్రామానికి మంచినీటి సౌకర్యం కల్పించాలని కోరారు.' పక్క గడిలో యాజమాన్యం జవాబు: 'బోరు వేయిస్తాము.' ఊట చచ్చిపోతుందన్న అభ్యంతరం అక్కడ బోరు కోసం పెట్టుకున్న అర్జీ అయిపోయింది. ఎవరో కుట్ర చేసి అలా రాశారని నేననను. రాసే గుమాస్తాకు సవర రాదు. సవర వచ్చిన టీచరుకు ఆ పని ఎవరూ అప్పజెప్పలేదు. అప్పజెప్పి ఆ పూటకు నాలుగు రూపాయలిచ్చే పద్దు ఏ ఖాతాలోనూ లేదు. ఆదివాసుల భాగస్వామ్యానికి డబ్బు ఎందుకని అడిగేవాళ్ళకు నేను ఈ ఒక్క సంగతే చెప్తాను.

ఇక నువ్వడిగిన కెనడా. అక్కడ 2019 ఆగస్టు 28 నుంచి అమల్లో ఉన్న ప్రభావ అంచనా చట్టంలో 75వ సెక్షన్, మదింపు జరిపే కేంద్ర సంస్థ ప్రజలకూ ఆదివాసీ సమూహాలకూ పాల్గొనడానికి నిధి పథకం పెట్టి తీరాలని చెప్తుంది. నివేదిక చదివిపెట్టే నిపుణుడి ఫీజు, ప్రయాణాలు, ఊళ్ళో సమావేశాల ఖర్చు అందులోంచి వస్తాయి. అసలు ఏయే విషయాలు అధ్యయనం చెయ్యాలో తేల్చే మొదటి దశకు అక్కడ 180 రోజుల దాకా గడువుంది. మన దగ్గర ఆ దశ ఊరికి తెలియకుండానే దాటిపోతుంది. ఏమేం అధ్యయనం చెయ్యాలో రాజధానిలో కూర్చున్న కమిటీ ఖాయం చేశాక, నివేదిక ముసాయిదా తయారయ్యాక, నీ చేతికి నోటీసు వస్తుంది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించే తేడా ఇదే. ఊటల గురించి అడగాల్సిన సమయం అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది.

అక్కడా ఇది ఊరికే రాలేదు. 1974 నుంచి 1977 దాకా మెకంజీ లోయ గ్యాస్ పైపులైను మీద జడ్జి థామస్ బెర్జర్ విచారణ జరిపినప్పుడు ఆదివాసీ సంఘాలకు డబ్బు ఇప్పించి, తానే ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి, వాళ్ళ భాషల్లో వాళ్ళ మాట విన్నాడు. పదేళ్ళు ఆ పైపులైను జోలికి పోవద్దని నివేదిక ఇచ్చాడు. తరవాత 2017లో వాళ్ళ సుప్రీంకోర్టు ఒకే రోజున రెండు తీర్పులిచ్చింది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒకటి క్లైడ్ రివర్ అనే ఇన్యూట్ ఆదివాసుల ఊరిది. అది గని కాదు, సముద్రంలో చమురు కోసం చేసే శబ్ద పరీక్షలు. సముద్ర జీవాలకు ఏమవుతుందని ఊరివాళ్ళు అడిగితే, కంపెనీలు కొన్ని నెలల తర్వాత 3,926 పేజీల పత్రం పడేశాయి. ఇంటర్నెట్ సరిగా అందని ఊరది. వాళ్ళ భాషలోకి మారింది అందులో కొద్ది భాగమే. పాల్గొనడానికి పైసా నిధి ఇవ్వలేదు. ఇది సంప్రదించడం అనిపించుకోదని కోర్టు అనుమతి కొట్టేసింది. రెండోది థేమ్స్ నది ఒడ్డు చిప్పెవా ఆదివాసులది, చమురు పైపులైను గొడవ. వాళ్ళకు 39,270 డాలర్లు నిధి ఇచ్చారు, నిపుణులతో తమ వాదన వినిపించుకున్నారు. వాళ్ళు ఓడిపోయారు.

రెండోది ఎందుకు చెప్తున్నానంటే, డబ్బొస్తే గెలుస్తామన్న భ్రమ వద్దు. డబ్బు కొనిపెట్టేది నీ మాట నీ మాటగానే కాగితం మీదికి చేరడం, అంతవరకే. పోతే, ఆ పథకానికి దరఖాస్తులు, ఒప్పందాలు, రసీదుల లెక్కలు ఉంటాయి. చిన్న ఊళ్ళకు అదే ఒక భారం. స్వర్గమేమీ కాదు.

మన సంగతికొస్తే, 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం సభకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. కలెక్టరాఫీసు, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం లాంటి చోట్ల చూసుకోనివ్వాలి. సభకు కలెక్టరు గానీ, అదనపు జిల్లా మెజిస్ట్రేటు హోదాకు తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. చివర్లో అక్కడ నమోదైన మాటలు స్థానిక భాషలో చదివి వినిపించి, అదే రోజు సంతకం చెయ్యాలి. ఇవన్నీ హక్కులే. కానీ ఈ నోటిఫికేషన్‌లో ఊరికి ఖర్చుకిచ్చే మాట ఎక్కడా లేదు. నివేదిక రాసిన కన్సల్టెంటుకు ఫీజు కట్టేది గని కావాలంటున్నవాళ్ళే. దాన్ని పరీక్షించాల్సిన నువ్వు మాత్రం కూలి మానుకుని, సొంత జేబుతో రావాలి.

నీ ఊరి విషయంలో ఇంకో ముడి ఉంది. మెళియాపుట్టి, మందస వైపు సవర ఊళ్ళు చాలావరకు నాన్ షెడ్యూల్డు, అంటే రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద గుర్తించిన గిరిజన ప్రాంతంలో లేవు. షెడ్యూల్డు ప్రాంతమైతే 1996 పీసా చట్టం ప్రకారం గ్రానైట్ లాంటి చిన్న తరహా ఖనిజాల లీజుకు గ్రామసభో పంచాయతీయో ముందే సిఫారసు చెయ్యాలి. భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం ఉంటుంది, సుప్రీంకోర్టు 1997 సమతా తీర్పు ఉంటుంది, గిరిజనేతరులకు లీజు చెల్లదు. నీ ఊరికి ఇవేవీ వర్తించవు. కొండ అదే, భాష అదే, మనుషులు వాళ్ళే, షెడ్యూల్డు ప్రాంతం గీత మాత్రం ఊరికి అవతల పడింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక గిరిజనుల పనులు చూసే సీతంపేట ఐటీడీఏ ఆఫీసు కూడా మన్యం జిల్లాలోకి పోయింది. అందుకే మీలాంటి ఊళ్ళకు ఈ సభ తప్ప వేరే గుమ్మం లేదు. దానికి ఒట్టి చేతులతో వెళ్ళొద్దని ఇంత గట్టిగా చెప్పడం అందుకే.

ఒక మినహాయింపు ఉంది, మరిచిపోకు. 2006 అటవీ హక్కుల చట్టానికి షెడ్యూల్డా కాదా అన్న గీత లేదు. లీజులో గానీ, క్వారీకి వేసే దారిలో గానీ అడవి భూమి సెంటున్నా, పోడు పట్టాలున్నా, మీ ఊరి గ్రామసభకు మాట ఉంటుంది. మన పక్క ఒడిశాలో రాయగడ, కలహండి జిల్లాల్లో నియంగిరి బాక్సైట్ గని మీద 2013లో 12 గ్రామసభలు జరిగింది ఈ చట్టం కిందే. సుప్రీంకోర్టు చెప్పినట్టు జిల్లా జడ్జి స్థాయి అధికారి పరిశీలకుడిగా కూర్చున్నారు. పన్నెండూ వద్దనే అన్నాయి.

ఇక ఖర్చు. జనం అనుకున్నంత కాదిది. ఉజ్జాయింపుగా నా లెక్క చెప్తాను. ఊళ్ళో నలుగురు పది రోజులు కూలి మానుకుని దీని మీద కూర్చోవాలి. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. అంటే 12,280. ఇది మొదట ఇవ్వాల్సిన డబ్బు. 'స్వచ్ఛందంగా చెయ్యండి' అని పేదవాడికి చెప్పడం అన్యాయం. చింతపండు రోజుల్లోనో జీడిపిక్కల రోజుల్లోనో సభ పడితే పది రోజులంటే ఏడాది సంపాదనలో పెద్ద ముక్క. తరవాత నివేదికలో నీళ్ళు, గాలి, రాళ్ళ డంపు, పేలుళ్ళు, లారీల దారి అధ్యాయాలు తెలుగులోకి మార్చే మనిషికి, సవరలో విడమరిచి చెప్పే మనిషికి, జిరాక్సులకు, శ్రీకాకుళం నాలుగు సార్లు తిరగడానికి, నీటి పరీక్షకు. అంతా కలిపి అరవై డెబ్బై వేల లోపు తెమల్చొచ్చు. నివేదిక కోసం ఖర్చు పెట్టాల్సిన పని లేదు, కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ వెబ్‌సైట్‌లో ఊరికే దించుకోవచ్చు.

పైసా ఖర్చు లేకుండా ఈ వారమే చెయ్యాల్సిన పని ఊటల కొలత. పదిహేను లీటర్ల బకెట్, ఫోన్లో స్టాప్‌వాచ్ చాలు. ఊట దిగువ మట్టి కట్ట కట్టి, పీవీసీ గొట్టం ముక్క పెట్టి, పారేదంతా గొట్టంలోంచే పడేలా చెయ్యి. బకెట్ ఎన్ని సెకన్లకు నిండిందో మూడుసార్లు చూసి సగటు రాయి. 50 సెకన్లకు నిండితే నిమిషానికి 18 లీటర్లు, రోజుకు 25,920 లీటర్లు. తారీకు, టైము, కొలిచినవాళ్ళ సంతకాలు, ఊట పేరు సవరలో. ఫోన్లో లొకేషన్ ఆన్ చేసి ఫోటో. నాలుగు రోజులకోసారి ఇలా రాసిన ఒక నోటుబుక్కు సభలో పెట్టు. 'మా నీళ్ళు పోతాయి' అంటే బోరు వేస్తామని జవాబొస్తుంది. 'మా పై ఊట రోజుకు 25 వేల లీటర్లిస్తోంది, మీ నివేదికలో దాని ఊసే లేదు' అంటే వాళ్ళ కన్సల్టెంటు సమాధానం వెతుక్కోవాలి.

ఎందుకు ఊసుండదో కూడా చెప్తాను. మన తూర్పు కనుమల రాయి గట్టిది, నీరు రాయిలో ఉండదు. పైన కుళ్ళిన రాతి పొరలోనూ, లోపలి పగుళ్ళలోనూ ఉంటుంది. వాన ఆ పొరలోకి దిగి, నెమ్మదిగా జారి, పక్కనెక్కడో ఊటగా బయటపడుతుంది. కింద గెడ్డల్లో, అంటే వాగుల్లో, వేసవి దాకా తడి ఉండేది దీనివల్లే. గ్రానైట్ దిమ్మ కావాలంటే ముందు ఒలిచి డంపులో పోసేది సరిగ్గా ఆ పై పొరనే. నివేదికలో సాధారణంగా వానాకాలం కాని ఒక సీజన్, మూడు నెలలు కొలుస్తారు. కొలిచేదేమో కొండ కింద బావుల్లో, బోర్లలో. డిసెంబరు నుంచి కొలిస్తే అన్నీ బాగున్నట్టే ఉంటుంది. మార్చి నుంచి కొలిస్తే కొండ గెడ్డలు ఎండి ఉంటాయి కాబట్టి 'శాశ్వత జలవనరులు లేవు' అని రాసేస్తారు. నీళ్ళ అధ్యాయం తెరిచి మొదట చూడాల్సింది ఏ నెలల్లో కొలిచారు, ఎక్కడెక్కడ కొలిచారు అన్న పట్టిక.

డబ్బు ఎవర్ని అడగాలి? వకీలు ఖర్చు నీకు సమస్య కాదు. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద గిరిజనులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం హక్కు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇప్పుడే దరఖాస్తు పెట్టు, సభ అయ్యాక కాదు. రేపు అనుమతి వచ్చేస్తే చెన్నైలోని గ్రీన్ ట్రైబ్యునల్ బెంచిలో 30 రోజుల్లో అప్పీలు చెయ్యాలి, అప్పుడు వకీలును వెతుక్కుంటూ కూర్చోలేవు. కానీ నిపుణుడి ఖర్చు, భాష ఖర్చు ఈ సాయంలో రావు.

జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధి గురించి అందరూ చెప్తారు. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో వచ్చింది, గనులవాళ్ళు రాయల్టీ మీద కట్టే వాటాతో నడుస్తుంది. మంచినీరు, కాలుష్య నియంత్రణ, వైద్యం, విద్య లాంటి వాటికి పెద్ద వాటా. అయితే అది ఇప్పటికే తవ్వకాల వల్ల నష్టపోయిన ప్రాంతాల కోసం. ఇంకా రాని క్వారీని పరీక్షించుకోవడానికి అందులో పద్దు లేదు. అయినా అడుగు. కలెక్టరుకు రాతపూర్వకంగా, పంచాయతీ తీర్మానం జతచేసి, 'సభకు ముందు కొండ ఊటల కొలత, సవర అనువాదం పర్యావరణ పరిరక్షణ కింద మంజూరు చెయ్యండి' అని. ఇవ్వకపోయినా ఆ అర్జీ, దాని మీద అందిన రసీదు, అప్పీలులో నీకు సాక్ష్యం. టెక్కలి, నందిగాం, మెళియాపుట్టి కొండల నుంచి నీలం గ్రానైట్ ఏళ్ళ తరబడి పోతూనే ఉంది. ఆ రాయల్టీ వాటాలోంచి కొండ కింద ఊరికి అరవై వేలు అడగడం బిచ్చం కాదు.

మనుషుల సాయం డబ్బు కన్నా తొందరగా దొరుకుతుంది. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు జియాలజీ వాళ్ళున్నారు, ఎచ్చెర్లలో అంబేద్కర్ యూనివర్సిటీ ఉంది, విజయనగరంలో 2019 నుంచి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. దారిఖర్చులు, రెండు పూటల భోజనం పెట్టుకుంటే కొలతలకు వచ్చే విద్యార్థులు దొరుకుతారు. సవర అనువాదానికి నీ ఊళ్ళో డిగ్రీ చదివిన ఇద్దరూ చాలు, కానీ వాళ్ళకు కూలి ఇవ్వండి. గిడుగు రామమూర్తి పంతులుగారు మన శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన మనిషి. సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు చేసిపెట్టారు. ఆయన పుట్టిన జిల్లాలో ఇన్నేళ్ళ తర్వాత కూడా ప్రభుత్వ సభలో సవర మాటను తెలుగు చేసే మనిషికి పూట కూలి ఇచ్చే దారి లేదంటే నాకు కోపం ఆగదు.

ఇప్పుడు కంపెనీ సొమ్ము. ఇస్తామన్నవాళ్ళు దుర్మార్గులని కాదు. 'సభ ఖర్చు' అని చేతికిచ్చిన డబ్బు ఊళ్ళో మర్నాటికే 'ఫలానావాళ్ళు తినేశారు' అవుతుంది. ఊరు రెండు ముక్కలవుతుంది. సభలో మీరు లేచి నిలబడేసరికి వెనకనుంచి ఎవరో ఆ మాట అననే అంటారు. నేను చూసిన చోటల్లా అలాగే జరిగింది. నిజంగా ఇవ్వాలనుకుంటే ఒక దారుంది. కలెక్టరు పేరున డిపాజిట్ చెయ్యమనండి. ఆ డబ్బుతో ఎవర్ని పెట్టుకోవాలో ఊరు తీర్మానంతో చెప్తుంది. నిపుణుడి రిపోర్టు ఊరికి చెందుతుంది, సభకు ముందే అందరికీ చదివి వినిపిస్తారు. డబ్బు ఇచ్చినందుకు ఊరు ఒప్పుకున్నట్టు కాదని కాగితం మీద ఉండాలి. ఈ నాలుగు మాటలూ రాసి పంపు. ఒప్పుకుంటే తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆ సొమ్ము ఎందుకిస్తున్నారో ఊరికి అర్థమైపోతుంది.

అప్పటిదాకా ఊరే పోగెయ్యాలి. ఇంటికి వంద, రెండొందలు, సంతలో అమ్మిన జీడిపిక్కల్లోంచి. డ్వాక్రా సంఘం అమ్మలిద్దరి చేత లెక్క రాయించండి, ప్రతి శనివారం రామమందిరం దగ్గరో రచ్చబండ దగ్గరో చదివి వినిపించండి.

సభ రోజు మాట్లాడేవాళ్ళంతా తమ మాట ముందే కాగితం మీద రాయించుకుని, మాట్లాడాక ఆ కాగితం అధ్యక్షుడికిచ్చి, రెండో కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి. సవరలో మాట్లాడతామని, మీ మనిషే తెలుగు చేస్తాడని కలెక్టరుకూ కాలుష్య నియంత్రణ మండలికీ వారం ముందే ఉత్తరం రాయండి. చివర్లో మినిట్స్ చదివేటప్పుడు ఎవరూ భోజనాలకు లేవొద్దు. చాలా ఊళ్ళలో సరిగ్గా అప్పుడే విస్తళ్ళు వేస్తారు. ఎవరి మాట తప్పుగా పడిందో అక్కడికక్కడే లేచి చెప్పండి, సంతకం పడేలోపే.

నోటీసు వచ్చిందన్నావు గానీ పేపర్లో ఏ తారీకున పడిందో రాయలేదు. సభ తారీకుకు దానికి మధ్య 30 రోజులు నిండకపోతే మొదటి ఉత్తరం దాని మీదే వెళ్ళాలి. ఆ తారీకు, నివేదికలో నీటి కొలతల పట్టిక ఫోటో, రెండూ పంపు.